చప్పట్లు కొట్టమన్న నీళ్ల నోటీసు

ఆ రోజు ఉదయం ఆ ఇంట్లో పథకం చాలా సులువైనది. ఎనిమిదిన్నరకు భర్త తన కాగితాలతో నీళ్ల ఆఫీసుకు వెళ్లాలి. తొమ్మిదింటికి భార్య తన కాగితాలతో బడికి వెళ్లాలి. ఇద్దరూ గడప దాటాక అత్తగారు తీరిగ్గా రెండో కాఫీ తాగాలి. ఈ మూడింటిలో చివరిదొక్కటే అనుకున్నది అనుకున్నట్టు జరిగింది.

భర్త నీళ్ల ఆఫీసులో గుమాస్తా. మంచివాడు, మాటకారి, దస్తూరి మాత్రం దారుణం. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అతను చేత్తో రాసిన నోటీసును ఎవరో తలకిందులుగా అంటించారు. వారం రోజుల దాకా ఎవరూ గమనించలేదు. అప్పటినుంచి ఆఫీసు చిత్తుప్రతులన్నీ ఇంటికి రావడం, సాయంత్రం పనులయ్యాక భార్య వాటిని గుండ్రటి అక్షరాలతో సాఫు రాసి పెట్టడం అలవాటైపోయింది. ఏడేళ్లుగా ఆ చుట్టుపక్కల జనానికి నీళ్ల ఆఫీసంటే ఆ గుండ్రటి అక్షరాలే. ఆ దస్తూరి కనబడగానే ఇంజనీరుగారు చదవకుండా ముద్ర కొట్టేవారు. గుమాస్తా మొదటి వాక్యం చూసి జిరాక్సుకి పంపేవాడు. భార్య రాసినదాంట్లో తప్పు వెతికే ధైర్యం అతనికి ఇంట్లోనే లేదు, ఇక ఆఫీసులో ఎక్కణ్ణుంచి వస్తుంది.

భార్య టీచరు. పక్క వీధి చివరి బడిలో మూడేళ్లుగా తాత్కాలిక ఉద్యోగం. ఏటా సెలవులకు ముందు ఆమెను తీసేసి, సెలవులయ్యాక మళ్లీ తీసుకునేవారు. తీసేసిన ప్రతిసారీ ఆమె తన సుద్దముక్కల డబ్బా, ఎర్ర కలం సంచిలో సర్దుకుని ఇంటికి తెచ్చుకునేది. మళ్లీ పిలుస్తారో లేదోనని రెండు నెలలు దిగులు పడేది. ఆ బాధ ఇక చాలనిపించింది ఆమెకు. ఇవాళ పదకొండు గంటలకు పై ఆఫీసు నుంచి పర్యవేక్షకుడు వచ్చి ఆమె పాఠం వింటారు. ఆయన బాగుందని సిఫార్సు చేస్తే ఉద్యోగం శాశ్వతం. చేయకపోతే ఆ కుర్చీలోకి ఇంకెవరో వస్తారు, సుద్దముక్కల డబ్బా ఇక ఇంట్లోనే ఉంటుంది.

పాఠం ఆమే ఎంచుకుంది. పేరా రాయడంలో ఏకత్వానికీ పొందికకీ తేడా. "ఇంతకన్నా సులువైంది ఏదీ దొరకలేదా అమ్మా?" అని ప్రధానోపాధ్యాయురాలు ముందే అడిగింది. మూడేళ్లుగా ఏ తరగతి పిల్లలకూ తలకెక్కని పాఠం అది. అందుకే ఈసారి పట్టుబట్టి ఎంచుకుంది.

ముందురోజు సాయంత్రం ఆమె భోజనాల బల్ల దగ్గర కూర్చుని నాలుగు కాగితాలు రాసింది. రెండు మొగుడి ఆఫీసువి. ట్యాంకు శుభ్రం చేస్తున్నాం, నీళ్లు రావు అని బడి ఉన్న వీధి జనానికి ఒక నోటీసు, ఏ పని తర్వాత ఏ పని చేయాలో ట్యాంకు పనివాళ్లకు ఒక సూచనల కాగితం. మిగతా రెండూ తన పాఠానికి. ఉదాహరణకు వేరే విషయం తట్టక, చేతిలో ఉన్న ట్యాంకునే తీసుకుంది. అత్తగారు కళ్లద్దాలు సవరించుకుని ఒకటి అందుకుంది.

"ఇదేంటమ్మాయ్, ట్యాంకుతో మొదలెట్టి చప్పట్లలో తేల్చావు?"

"అది కావాలనే చెడగొట్టి రాశాను అత్తయ్యా. చూడండి, ప్రతి వాక్యం ముందు వాక్యం చెయ్యి పట్టుకునే నడుస్తోంది. అది పొందిక. కానీ అన్నీ కలిసి ఒకే విషయం చెప్పడం లేదు. అంటే ఏకత్వం లేదు."

"మా చెల్లెలు ఫోన్లో ఇలాగే మాట్లాడుతుంది. మరి రెండోది?"

"దాంట్లో వాక్యాలన్నీ ట్యాంకు గురించే. ఏకత్వం ఉంది. కానీ ముందుది వెనక, వెనకది ముందు. పొందిక లేదు."

"వీణ్ణి పెళ్లికి బట్టలు సర్దమంటే ఇలాగే సర్దాడు," అని అత్తగారు కొడుకు గదివైపు చూసి కాగితం బల్ల మీద పెట్టేసింది.

తెల్లారింది. గుమాస్తా తల దువ్వుకుంటుంటే స్నానాల గదిలోంచి భార్య గొంతు వినబడింది.

"ఏవండీ, మీ కాగితాలు బల్ల మీదున్నాయి. చూసుకుని తీసుకెళ్లండి. నావీ అక్కడే ఉన్నాయి."

"నీళ్ల గురించి ఉన్నవి నావి, లేనివి నీవి. అంతేగా," అన్నాడతను. లోపల కుళాయి శబ్దంలో ఆమెకు ఆ మాట వినబడలేదు. వినబడి ఉంటే తడి తలతోనే బయటికి వచ్చేది. నాలుగూ నీళ్ల గురించే కదా.

గుమాస్తా పైనున్న కాగితం తీశాడు. "నేటి ఉదయం పది గంటలకు మన వీధి ట్యాంకును శుభ్రం చేస్తారు" అని ఉంది. భేష్ అనుకున్నాడు. దాని కిందది తీశాడు. "ట్యాంకు మూత గట్టిగా బిగించాలి" అని ఉంది. జాగ్రత్త గల మనిషి అని ఇంజనీరుగారిని మనసులోనే మెచ్చుకుని, రెండూ సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. తొమ్మిదింటికి భార్య మిగిలిన రెండు కాగితాలూ అట్టలో పెట్టుకుని బడికి వెళ్లింది. అత్తగారు రెండో కాఫీ కలుపుకుంది.

నోటీసు ముందురోజే ఇస్తే జనం మర్చిపోతారని ఇంజనీరుగారి సిద్ధాంతం. అందుకని తొమ్మిదిన్నరకల్లా ముద్ర పడి, ఎనభై ప్రతులై, ఆ వీధిలో ప్రతి గుమ్మానికీ చేరిపోయింది. ఒకటి వీధి మొదట్లో స్తంభానికి కూడా అంటించారు. అందులో ఇలా ఉంది:

"నేటి ఉదయం పది గంటలకు మన వీధి ట్యాంకును శుభ్రం చేస్తారు. శుభ్రం చేయడానికి నిచ్చెన కావాలి. నిచ్చెన ఎక్కితే వీధిలోని తలుపులన్నీ కనబడతాయి. తలుపుల్లో నీలం రంగువి చూడముచ్చటగా ఉంటాయి. చూడముచ్చటైన ఇంటికి అతిథులు తప్పక వెళ్లాలి. అతిథులు వచ్చినప్పుడు కుర్చీలు ఆరుబయట వేయాలి. ఆరుబయట కూర్చున్నప్పుడు ఎవరైనా పాట పాడితే బాగుంటుంది. పాట పాడినవారికి చప్పట్లు కొట్టాలి."

కింద ఆఫీసు ముద్ర, గుండ్రంగా, స్పష్టంగా ఉంది.

మామూలుగా నీళ్ల ఆఫీసు నోటీసు ఎవరూ చివరిదాకా చదవరు. దీన్ని మాత్రం చదివినవాళ్లు పక్కింటివాళ్లకు కూడా చదివి వినిపించారు. మొదట కదిలింది ఎలక్ట్రీషియను. సర్కారువాళ్లు నిచ్చెన అడిగారంటే లేక అడిగారని, తన నిచ్చెన భుజాన వేసుకుని ట్యాంకు దగ్గరికి బయల్దేరాడు. ఆయన్ని చూసి రంగులు వేసే ఆయన తన పెద్ద నిచ్చెనా, మేడమీది దంపతులు తమ మడత నిచ్చెనా తెచ్చారు. ట్యాంకుకు ఇనప మెట్లు ఎప్పుడో కట్టి ఉన్నాయి. అయినా మూడు నిచ్చెనలూ గోడకు ఆనించి నిలబెట్టారు.

ఆ వీధిలో నీలం తలుపు ఇల్లు ఒక్కటే. అందులో ఉండే పిన్నిగారు ఆ రంగు వేయించుకున్నప్పటినుంచి అందరితో మాటలు పడుతూనే ఉంది. తోడికోడలు మొహం మీదే పెదవి విరిచింది. అలాంటి తలుపును సర్కారువారు ముద్ర వేసి మరీ మెచ్చుకున్నారు. పిన్నిగారు నోటీసు రెండుసార్లు చదువుకుని, మంచి చీర కట్టుకుని, పాలగిన్నె పొయ్యి మీద పెట్టి గుమ్మంలో నిలబడింది. ఒకరొకరుగా జనం రానే వచ్చారు. పక్కపక్క ఇళ్లలో ఏళ్ల తరబడి ఉంటూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కనివాళ్లు, నోటీసులో ఉంది కదా అని మొహమాటం లేకుండా లోపలికి వచ్చారు.

"రండి రండి, ఇప్పుడైనా తీరిక దొరికింది మీకు," అంది పిన్నిగారు. "కుర్చీలు మాత్రం బయటే వేయాలట. పట్టండి, తలో చెయ్యీ వేయండి."

ఆమె ఇంట్లో ఉన్నవి ఆరే కుర్చీలు. మిగతావాళ్లు ఎవరి కుర్చీలు వాళ్లు తెచ్చుకున్నారు. పదింపావుకల్లా ఆమె ఇంటి ఎదుటి ట్యాంకు కింద నాలుగు వరుసలు తయారయ్యాయి.

అక్కడ ట్యాంకు మీద సంగతి వేరేగా నడుస్తోంది. ఆ పని చేసేవాళ్లిద్దరూ బావా బావమరుదులు. పోయిన నెల ఒకచోట సొంత తెలివి ఉపయోగించి ఇంజనీరుగారి చేత చివాట్లు తిన్నారు. "కాగితంలో ఏముంటే అది చేయండి. ఒక్కటి ఎక్కువా వద్దు, ఒక్కటి తక్కువా వద్దు," అని ఆయన గట్టిగా చెప్పారు. ఇద్దరికీ అది మనసుకు బాగా తగిలింది. అందుకని ఇవాళ కాగితాన్ని పక్కన రాయి పెట్టి పరుచుకుని, వాక్యం వాక్యం చదువుకుంటూ పని మొదలెట్టారు.

"మూత గట్టిగా బిగించాలి," చదివాడు బావ.

బిగించారు.

"లోపలి గోడలు... కాదు, గోడలు బ్రష్షుతో బాగా తోమాలి అని మాత్రమే ఉంది."

"మూత బిగించాక లోపలెలా తోముతాం బావా?"

"బయట తోమమని అర్థం. బయటా గోడలే కదా."

తోమారు. కట్టిన దగ్గర్నుంచి బయటివైపు బ్రష్షు ఎరుగని ట్యాంకు అది. నాచు పెచ్చులు పెచ్చులుగా ఊడి కిందపడింది. తర్వాతి వాక్యం, నీళ్లొచ్చే వాల్వు పూర్తిగా తెరవాలి అని ఉంది. నిండుగా ఉన్న ట్యాంకుకు వాల్వు తెరిచారు. అయిదు నిమిషాల్లో మూత అంచుల్లోంచి నీళ్లు పొంగి, తోమిన గోడల మీదుగా జారి, వీధిలోకి దారి తీశాయి.

"లోపలికి దిగాలి," చదివాడు బావ.

బావమరిది మూత విప్పి లోపలికి చూశాడు. నీళ్లు అంచు దాకా ఉన్నాయి. "నాకు ఈత రాదు బావా."

"కాగితంలో దిగాలనే ఉందిరా, మునగాలని లేదు. ఒక కాలు దించు చాలు."

బావమరిది ఒక కాలు ట్యాంకులో, ఒక కాలు బయట పెట్టి అంచు మీద కూర్చున్నాడు. వీధికంతటికీ కనబడేలా అలాగే కూర్చుని, తర్వాతి వాక్యం కోసం ఎదురుచూశాడు.

సరిగ్గా ఆ సమయానికి పర్యవేక్షకుడు వీధి మొదట్లో బస్సు దిగారు. కనబడిన ప్రతి కాగితాన్నీ చదవడం ఆయన ఉద్యోగం. పోను పోను అది అలవాటైంది. స్తంభం దగ్గర ఆగి నోటీసు మొత్తం చదివి, ఏమీ అర్థం కాక సంచి సర్దుకుని ముందుకు నడిచారు. నీలం తలుపు దగ్గరికి రాగానే పిన్నిగారు ఎదురొచ్చింది.

"రండి బాబూ, మీరే ఆలస్యం."

"బడి ఎక్కడమ్మా? నేను బడికి..."

"బడి ఎక్కడికీ పోదు. ముందు కూర్చోండి."

పొద్దున్నుంచి ఆయన మొహం చూసి ఎవరూ అంత సంతోషపడలేదు. పర్యవేక్షకుడు వస్తున్నాడంటే ఏ బడిలోనైనా మొహాలు మాడిపోతాయి. ఇక్కడేమో ముందు వరుసలో కుర్చీ, చేతిలో వేడి కాఫీ, కుశల ప్రశ్నలు. రెండు నిమిషాలు కూర్చుని పోదాంలే అనుకున్నారు.

అప్పుడు వీధిలో అందరూ పాటల తాతగారని పిలిచే పెద్దాయన లేచారు. ఆయన ఇంట్లో గొంతు సవరించుకుంటేనే టీవీ శబ్దం పెంచేవాళ్లు. పాడమని ఆయన్ని అడిగినవాళ్లు పన్నెండేళ్లలో లేరు. నోటీసు చేతిలో పట్టుకుని, "సర్కారువారి కోరిక మీద," అని చెప్పి, కళ్లు మూసుకుని అందుకున్నారు. గొంతులో జీర ఉంది, కానీ శ్రుతి తప్పలేదు. జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. పాట అయ్యాక చప్పట్లు నోటీసులో లేకపోయినా కొట్టేవాళ్లే. తాతగారి కళ్లు చెమ్మగిల్లాయి. రెండో పాట అందుకున్నారు.

నీళ్ల ఆఫీసులో పదిన్నరకు మొదటి ఫోన్ వచ్చింది.

"మాది ఆకుపచ్చ తలుపయ్యా. మేమూ పన్ను కడుతున్నాం. మా ఇంటికి అతిథులెందుకు రాకూడదో చెప్పు."

గుమాస్తాకు ముందు అర్థం కాలేదు. ఆఫీసు ప్రతి తీసి, ఏడేళ్ల సర్వీసులో మొట్టమొదటిసారి రెండో వాక్యం చదివాడు. తర్వాత మూడోది చదివాడు. చప్పట్ల దగ్గరికి వచ్చేసరికి అది ఎవరి కాగితమో తెలిసిపోయింది. భార్య ఫోన్ పాఠం కోసం ఆపేసి ఉంది. ఇంటికి చేశాడు.

"అమ్మా, బల్ల మీద కాగితాలున్నాయా?"

"లేవురా. నువ్వు రెండు పట్టుకుపోయావు, అమ్మాయి రెండు పట్టుకుపోయింది. చప్పట్ల కాగితం బాగా కుదిరిందా తనకి?"

అతను ఫోన్ పెట్టేసి పరుగు అందుకున్నాడు. తన సంగతి తర్వాత, పాపం ఆమె సంగతేంటి. పదకొండింటికి అట్ట తెరిస్తే అందులో ఇంజనీరుగారి నోటీసు ఉంటుంది. మూడేళ్ల ఎదురుచూపు తన చేతులతో తనే నీళ్లపాలు చేశాననుకున్నాడు.

ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి జనం దారి ఇవ్వలేదు. ఒక ఖాళీ కుర్చీ ఎక్కి గట్టిగా చెప్పాడు. "అయ్యా, ఇది మా ఆఫీసు నోటీసు కాదు."

చప్పట్లు మోగాయి. తర్వాతి గాయకుడు అతనే అనుకున్నారు.

"నేను పాడటానికి రాలేదండీ. పొరపాటు జరిగింది."

ఇంకా గట్టిగా చప్పట్లు మోగాయి. "మొహమాటం వద్దు నాయనా, పల్లవి చాలు," అన్నారు తాతగారు ఆప్యాయంగా. ముందు వరుసలో సంచి ఒళ్లో పెట్టుకున్న పెద్దమనిషి కూడా చేతులు నొప్పి పుట్టేలా కొట్టాడు. సరిగ్గా అప్పుడే ట్యాంకు మీద బావ తర్వాతి వాక్యం చదివాడు. పాత నీళ్లు పూర్తిగా బయటికి వదలాలి. వదిలారు. వీధిలో మడమల లోతు నీళ్లు పారాయి. జనం కాళ్లు పైకెత్తి కుర్చీల మీద పెట్టుకున్నారు గానీ ఒక్కరూ లేవలేదు.

బడిలో పదకొండు గంటలు కొట్టారు. టీచరు తరగతి మొదటి అంతస్తులో ఉంది. ప్రధానోపాధ్యాయురాలు వెనక బెంచీలో కూర్చుంది. పక్కన పర్యవేక్షకుడి కుర్చీ ఖాళీగా ఉంది. టీచరు అట్ట తెరిచింది. మొదటి కాగితంలో నీటి సరఫరా ఉండదు, ముందుగా నీళ్లు పట్టుకోగలరు అని ఉంది. రెండో కాగితంలో ట్యాంకు పని మొత్తం ఒకటి తర్వాత ఒకటి వరసగా, పద్ధతిగా ఉంది. రెండింట్లోనూ ఏకత్వం ఉంది, పొందికా ఉంది. తప్పు పట్టడానికి ఒక్క వాక్యం లేదు. చెడ్డ పేరాలు లేకుండా ఈ పాఠం చెప్పడం కుదరదు. అవి ఎక్కడికి పోయి ఉంటాయో తెలియడానికి ఆమెకు అరనిమిషం పట్టింది.

"మొదలెట్టమ్మా. ఆయన దారిలో ఉండి ఉంటారు," అంది ప్రధానోపాధ్యాయురాలు.

"మేడమ్," అంది కిటికీ పక్క పిల్ల. "ట్యాంకు మీద అంకుల్ ఒక కాలే లోపల పెట్టాడు. ఎందుకు మేడమ్?"

టీచరు కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. మూడు నిచ్చెనలు, నీలం తలుపు, నాలుగు వరుసల కుర్చీలు, పాడుతున్న తాతగారు కనిపించారు. ఒక కుర్చీ మీద నిలబడి చేతులు ఊపుతున్న తన మొగుడూ కనిపించాడు. తను బల్ల దగ్గర కూర్చుని రాసిన పేరా, ఒక్క వాక్యం కూడా పోకుండా, వీధిలో నడుస్తోంది. ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. చివరికి నోట్లోంచి పాఠం వచ్చింది.

"అందరూ కిటికీల దగ్గరికి రండి. తోసుకోకుండా నిలబడండి. ముందు ట్యాంకు మీద చూడండి. వాళ్లిద్దరూ ఏ పని చేస్తున్నారు?"

"ట్యాంకు పని."

"ఇంకేదైనా చేస్తున్నారా?"

"లేదు మేడమ్. అదొక్కటే."

"అది ఏకత్వం. అంతా ఒకే విషయం మీద ఉంది. మరి పని అవుతోందా?"

"అవడం లేదు. ఇందాకట్నుంచి చూస్తున్నాం మేడమ్, మూత పెట్టాక తోమారు. దిగాక నీళ్లు వదిలారు."

"ఎందుకంటే ఒకదాని తర్వాత ఒకటి రావలసిన వరస లేదు. అంటే పొందిక లేదు. ఇప్పుడు కిందకి చూడండి." ఆమెకు ఊపు వచ్చింది. ఊపు వస్తే ఆమె గొంతు నాలుగు గదులు దాటేది, ఇక తెరిచిన కిటికీ ఒక లెక్కా. "ముందు వరుసలో సంచి ఒళ్లో, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకున్న ఆయన్ని చూడండి. కుర్చీ వేశారు, కూర్చున్నారు. కూర్చున్నారు కాబట్టి కాఫీ ఇచ్చారు. కాఫీ తాగుతుంటే పాట వచ్చింది. పాట అయింది కాబట్టి చప్పట్లు కొడుతున్నారు. ప్రతి పనికీ ముందు పనితో ముడి ఉంది. పొందిక అంటే అదే. కానీ అసలు ఏ పని మీద బయల్దేరారని ఆయన్ని అడగండి. చెప్పలేరు పాపం. ఆయనకు ఏకత్వం లేదు."

పిల్లలందరూ కలిసి ఆయన్ని చూసి నవ్వారు. కింద ఆయన చప్పట్లు ఆపి పైకి చూశారు. ఎత్తిన కాళ్లు మెల్లిగా నీళ్లలోకి దించి, సంచి చూసుకుని, బడి బోర్డు చూసి లేచి నిలబడ్డారు.

ప్రధానోపాధ్యాయురాలు కిటికీలోంచి తొంగిచూసి, తల పట్టుకుంది. "ఆయనే తల్లీ పర్యవేక్షకుడు."

టీచరు గోడకు ఆనుకుని నిలబడింది. అయిపోయింది, ఇక డబ్బా సర్దుకోవడమే అనుకుంది.

అయిదు నిమిషాల్లో ముగ్గురు మగవాళ్లు మెట్లెక్కి వచ్చారు. ముందు ప్యాంటు అంచులు తడిసిన పర్యవేక్షకుడు వచ్చారు. వెనకే, ఫోన్లు భరించలేక జీపులో వచ్చిన ఇంజనీరుగారు నోటీసు పట్టుకుని వచ్చారు. చివర గుమాస్తా వచ్చాడు.

"ఈ దస్తూరి ఎవరిది?" అడిగారు ఇంజనీరుగారు.

"తప్పు నాది సార్," అన్నాడు గుమాస్తా. "నేను మొదటి వాక్యం దాటి చదవలేదు."

"రాసింది నేనండీ," అంది టీచరు. దాచి లాభం లేదనుకుంది. "పిల్లలకు చెడ్డ పేరా ఎలా ఉంటుందో చూపించడానికి రాశాను. పనివాళ్ల కాగితం కూడా నాదే. మా ఆయన పొరపాటున పట్టుకెళ్లారు."

ఇంజనీరుగారు కిటికీలోంచి చూశారు. ట్యాంకు ఎండలో మెరిసిపోతోంది. "నేను ఏడేళ్లుగా నోటీసులు ఇస్తున్నాను. ఒక్కడూ చదవడు. నీళ్లు రావని రాస్తే, నీళ్లెందుకు రాలేదని ఫోన్ చేస్తారు. ఇది మాత్రం చివరిదాకా చదివారు. చదివి చేశారు కూడా," అన్నారు. కోపం తెచ్చుకోవాలని ఆయన ప్రయత్నించారు గానీ కుదరలేదు. చివరికి గుమాస్తా వైపు తిరిగారు. "ఏమయ్యా, రేపు అసలు నోటీసు పంచు. ముద్ర వేసే ముందు నాకు గట్టిగా చదివి వినిపించు, చివరిదాకా."

పర్యవేక్షకుడు వెనక బెంచీలో కూర్చుని, ప్యాంటు పిండుకుని, కిటికీ పక్క పిల్లను లేపారు. "ఏకత్వానికీ పొందికకీ తేడా ఏంటమ్మా?"

"ట్యాంకు అంకుల్స్‌కి పని ఒక్కటే, వరస లేదు. మీకు వరస ఉంది సార్, పని గుర్తులేదు."

పర్యవేక్షకుడు తలూపి, "నిజమే. నేను పాఠం వినడానికి వచ్చాను. మీ మేడమ్ గట్టిగా చెప్పాకే గుర్తొచ్చింది," అన్నారు. తర్వాత కాగితం తీసి రిపోర్టు రాయడం మొదలెట్టారు. రాసిందాన్ని టీచరు చదివి సంతకం పెట్టాలన్నది నిబంధన. ఆమె అందుకుని చదివింది.

"ఈ టీచరు పాఠం చక్కగా చెప్పారు. పాఠం వీధిని చూపిస్తూ చెప్పారు. వీధిలో మర్యాదలు బాగున్నాయి. మర్యాదల్లో భాగంగా కాఫీ ఇచ్చారు. కాఫీ తాగుతుండగా ఒక పెద్దాయన అద్భుతంగా పాడారు. పాట వింటుండగా నీళ్లు వచ్చాయి. నీళ్లకు కాళ్లు తడిశాయి. కావున ఈ బడికి రెండు తువ్వాళ్లు మంజూరు చేయగలరు."

"సంతకం పెట్టేయమ్మా, మంచిగానే రాశారు," అని ప్రధానోపాధ్యాయురాలు చెవిలో చెప్పింది. ఇంకా గొంతు తగ్గించి, "పై ఆఫీసులో చివరి వాక్యమే చూస్తారనుకో," అంది.

టీచరు కలం పట్టుకుని ఆగిపోయింది. సంతకం పెడితే ఆయన సంతోషంగా వెళ్తారు, బడికి తువ్వాళ్లు వస్తాయి. పెట్టకపోతే పై అధికారి రాత తప్పని ఆయన మొహం మీదే చెప్పాలి, అదీ పిల్లల ముందు. ఆమెకు భయం వేసింది. కానీ ఇప్పుడే ఆ మాట నేర్చుకున్న ముప్ఫైమంది ఆమెనే చూస్తున్నారు.

"సార్," అంది. "పొందిక చాలా బాగుంది. ఏకత్వం లేదు."

గుమాస్తా కళ్లు మూసుకున్నాడు. పర్యవేక్షకుడు కాగితం వెనక్కి తీసుకుని మళ్లీ చదువుకున్నారు. "అయితే ఏం చేయాలి?"

"ఏ ఒక్క విషయం చెప్పాలనుకున్నారో అది తేల్చుకోండి. దానితో సంబంధం లేనివి కొట్టేయండి."

ఆయన తువ్వాళ్లు కొట్టేశారు. నీళ్లు కొట్టేశారు. కాఫీ కొట్టేశారు. పాట దగ్గర మాత్రం చాలాసేపు ఆగి, నిట్టూర్చి, అదీ కొట్టేశారు. తర్వాత కొత్త కాగితం మీద నెమ్మదిగా రాసి ఇచ్చారు.

"ఈ టీచరు చెప్పిన పాఠం పిల్లలకు తలకెక్కింది. అలా ఎక్కించగలవారు ఈ బడికి ఎప్పటికీ అవసరం. అందువల్ల వీరి ఉద్యోగాన్ని శాశ్వతం చేయాలని సిఫార్సు చేస్తున్నాను."

ఆమె మూడు వాక్యాలూ రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు మసకబారాయి. కొంగుతో కళ్లు తుడుచుకుని సంతకం పెట్టింది. గుమాస్తా వెనక నిలబడి, ఈసారి నోటీసులో లేకపోయినా, చప్పట్లు కొట్టాడు. పిల్లలూ కొట్టారు.

"ఇప్పుడు బాగుందా?" అడిగారు పర్యవేక్షకుడు, కొంచెం బెరుగ్గా. "పదికి ఎన్ని వేస్తారు?"

ప్రధానోపాధ్యాయురాలు ఆయన వెనక నిలబడి రెండు చేతులూ పైకెత్తి పది వేళ్లూ చూపించింది. టీచరు ఎర్ర కలం తీసి, ఇంకొక్కసారి చదివి, ఏడు వేసింది.